వాన నిలిచిన తొట్లు

ఆ ఏడు చివరి లారీ కూరింగా స్టేషన్ అనే పశువుల ఫారానికి వచ్చినప్పుడు డ్రైవరు పశువుల దొడ్డి కంచెకు మోచేతులు ఆనించి, లోపలి ఆవుల్ని చాలాసేపు చూశాడు. చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కోడెల్ని ఎక్కిస్తాను. ఈ ఆవుల్ని మాత్రం ఎక్కించలేను గ్లెనిస్. సగం దారి రాకముందే కూలబడతాయి. పడ్డదాన్ని మిగతావి తొక్కుతాయి. దించేచోట నా పీక పట్టుకుంటారు."

"దొడ్డిలోకి వాటంతట అవే నడిచొచ్చాయి కదా" అన్నాడు ఆమె తమ్ముడు డార్సీ.

"వచ్చాయి, నేనూ చూశాను. మా నాన్న కూడా ఆస్పత్రిలోకి నడుచుకుంటూనే వెళ్ళాడు."

డార్సీ కంచె వైపు నడిచాడు. గేటు తీసి, ఆవుల్ని తిరిగి బీట్లోకి తోలాడు. అవి తొందరేమీ లేకుండా, తలలు వేలాడేసుకుని, ఎర్ర దుమ్ములో ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. వెనకనుంచి చూస్తే తుంటి ఎముకలు గుడ్డ కప్పిన కుర్చీల్లా ఉన్నాయి. లారీ కోడెలతో వెళ్ళిపోయింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆవులతో మిగిలారు.

గ్లెనిస్ హాలరన్ చార్లెవిల్ ఊళ్ళో చాలా ఏళ్ళు బడిపిల్లలకు వండిపెట్టి, భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. వచ్చిన ఏడే వానలు మొహం చాటేశాయి. "అదృష్టాన్ని వెంటబెట్టుకొచ్చావు" అని డార్సీ మొదట్లో ఎగతాళి చేసేవాడు. రెండో ఏడు ఆ మాట మానేశాడు. మూడో ఏడు వచ్చేసరికి అసలు మాటలే మానేశాడు. నిలబడే తినేవాడు, చొక్కాతోనే పడుకునేవాడు. గ్లెనిస్ ఏదైనా అడిగితే, ఆ ప్రశ్న ఎక్కడో దూరంనుంచి నడిచి తనదాకా రావాలన్నట్టు కాసేపు ఆగి జవాబు చెప్పేవాడు.

మేత లేని చోట ఆవుల్ని బతికించేది, వాన లేని నేలలోనూ పెరిగే తుమ్మజాతి మల్గా చెట్టే. డార్సీ రోజూ పొద్దున్నే బుల్డోజర్ ఎక్కి, ఒక వరస మల్గా చెట్లను నేలకు వంచేవాడు. ఇంజను చప్పుడు వినపడితే చాలు, ఎక్కడెక్కడి ఆవులూ పరుగున వచ్చేవి. పరుగంటే పరుగు కాదు, కాళ్ళు తడబడే నడక. చెట్టు పూర్తిగా పడకముందే దాని బూడిదరంగు ఆకుల్లో మూతులు దూర్చేవి. ఒక్కోసారి మరీ ముందుకొచ్చి కొమ్మల కింద ఇరుక్కునేవి. డార్సీ కేకలేసి తిట్టేవాడు. ఆ తిట్లే ఆ రోజుకు అతను నోరు విప్పి మాట్లాడినవి.

కాని మల్గా ఆకు కడుపు నింపుతుందే గాని ఒంటికి పట్టదు. అందులోని వగరు లోపల పోషణను పట్టేసి వదలదు. కడుపు నిండిన ఆవు కడుపు నిండినట్టే నిలబడి చిక్కిపోతుంది. మొదట్లో నీరసపడ్డవాటికి విడిగా పత్తిగింజలు పెట్టారు. తర్వాత పత్తి పండించినవాళ్ళే లేక గింజలూ దొరకలేదు. ఇక మిగిలింది బెల్లపు మడ్డి. అందులో కాస్త యూరియా కలిపి తొట్లలో పోస్తే, ఆవులు దాన్ని నాకి, ఆ బలంతో ఆకును అరిగించుకుంటాయి. యూరియా చేదు కాబట్టి ఆబగా తాగలేవు, నాలుక్కి అంటినంతే నాకుతాయి. ఆ చేదే వాటికి కాపలా. కలపడం మాత్రం డార్సీ అక్కకు వదిలేవాడు కాదు. యూరియా గడ్డ ఒక్కటి కరగకుండా ఉండిపోయినా, దాన్ని మింగిన ఆవు సాయంత్రం చూడదు. పాత పడవ తెడ్డు ఒకటి పట్టుకుని, భుజాలు పడిపోయేదాకా కలిపేవాడు.

"వానొస్తే వీటిని బోర్లించాలి" అన్నాడు ఒకసారి, తెడ్డు కడుగుతూ. "నీళ్ళు నిలిస్తే యూరియా పైకి తేలి నీళ్ళలో కలిసిపోతుంది. తాగిన గొడ్డు తాగినట్టే పోతుంది."

"వానొస్తే తొట్లే కాదు, నేనూ బోర్లాపడి దణ్ణం పెడతాను" అంది గ్లెనిస్.

డార్సీ మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వు అనుకోవచ్చు.

వాన మార్చి నెలాఖర్లో వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ పడమర నల్లబడింది. ఇద్దరూ కిటికీలోంచి చూశారు గాని లేవలేదు. అలా నల్లబడి, ఉరిమి, దుమ్ము లేపి వెళ్ళిపోయిన మబ్బుల్ని ఆ మూడేళ్ళలో చాలా చూశారు.

"మళ్ళీ వెక్కిరించడానికి వచ్చినట్టున్నాయి" అన్నాడు డార్సీ.

అంతలో రేకుల మీద ఒక చినుకు పడింది. కాసేపటికి మరొకటి. ఆ తర్వాత ఇంటి కప్పు మొత్తం ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు.

డార్సీ చేతిలో రొట్టెముక్కతోనే వాకిట్లోకి నడిచాడు. వాన కింద నిలబడ్డాడు. రొట్టె నాని చేతిలోంచి జారిపోయింది. గ్లెనిస్ వసారాలోనే ఆగి చూస్తోంది. ఎండిపోయిన నీళ్ళ ట్యాంకులోకి గొట్టంలోంచి ఎర్రటి బురదనీళ్ళు దూకుతున్నాయి. డార్సీ ఆ గొట్టం కింద తల పెట్టాడు, ఉక్కిరిబిక్కిరయ్యాడు, వాంతి చేసుకున్నంత పని చేశాడు. తలెత్తి, బురద కారుతున్న మొహంతో, పగలబడి నవ్వాడు.

గ్లెనిస్ ఆ నవ్వు విని గుమ్మం పట్టుకుంది. తమ్ముడికి అలా నవ్వడం వచ్చన్న సంగతే ఆమె మరిచిపోయింది. "రావే అక్కా, రా! ఏంటలా పెళ్ళికూతురిలా నిలబడ్డావు?" అని చెయ్యి పట్టి లాగాడు. యాభై దాటిన ఇద్దరూ బురదలో జారి, ఒకరి మీద ఒకరు పడి, లేవలేక నవ్వారు.

అప్పుడు ఆమెకు తొట్లు గుర్తొచ్చాయి.

నోరు తెరిచింది. డార్సీ ఆకాశంలోకి చూస్తూ, కళ్ళు మూసుకుని, నాలుక చాపి చినుకులు పట్టుకుంటున్నాడు. చిన్నప్పుడు ఇలాగే చేసేవాడు. ఇప్పుడు తొట్లంటే ఈ మొహం మళ్ళీ ముడుచుకుపోతుంది. దారి ఇప్పటికే బురదై ఉంటుంది, బండి దిగబడుతుంది. అయినా ఇంత వానలో ఆవులు గట్టు మీది చెట్లకిందినుంచి కదలవు. తాగాలన్నా ప్రతి గుంటలోనూ మంచినీళ్ళే, ఆ చేదు నీళ్ళ కోసం ఎందుకొస్తాయి? పొద్దున్నే వెళ్ళి బోర్లిస్తే సరిపోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆమె బుర్రలో తిరిగాయి. ప్రతిదీ సబబుగానే తోచింది.

"అక్కా, అమ్మ వేసేదే, ఆ తియ్యట్లు వెయ్యవా? ఎన్నేళ్ళయిందో తిని" అన్నాడు డార్సీ.

గ్లెనిస్ నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళి పిండి కలిపింది. ఆ సాయంత్రం డార్సీ కుర్చీలో కూర్చుని తిన్నాడు. తిని, అక్కడే నిద్రపోయాడు. గ్లెనిస్ అతని బూట్లు విప్పింది.

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. కప్పలు ఎక్కణ్ణుంచి వచ్చాయోగాని వాకిలంతా అరుస్తున్నాయి. డార్సీ టీ కప్పు పెదాలదాకా తెచ్చుకుని ఆగిపోయాడు. కప్పు బల్లమీద పెట్టాడు.

"తొట్లు" అన్నాడు.

ఆమె వైపు చూశాడు. గ్లెనిస్ అప్పటికే లేచి, అలమరలోంచి వెనిగర్ సీసాలు తీస్తోంది. ఉన్నవి రెండు. ఊరేసిన ఉల్లిపాయల జాడీ ఒకటి కనిపిస్తే, అందులోనూ పులుపే ఉందని అదీ చంకలో పెట్టుకుంది. యూరియా విషానికి వెనిగర్ విరుగుడు. కాని ఒక్క ఆవుకే బకెట్టు నిండా పట్టాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

బండి మొదటి వాగు దగ్గరే దిగబడింది. దాన్ని వదిలేసి, బూట్లకు పట్టిన బురద ఈడ్చుకుంటూ నడిచారు. డార్సీ ముందు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు.

మొదటి ఆవు తొట్టికి ఇవతల, దారిలోనే పడి ఉంది. పొట్ట డోలులా ఉబ్బి, నాలుగు కాళ్ళూ కర్రల్లా చాచి. మూతి దగ్గర తెల్లటి నురగ ఇంకా ఆరలేదు. దాని అవతల మరొకటి, ఆ అవతల మరికొన్ని. కొన్ని పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. కొన్ని నిలబడే వణుకుతున్నాయి, చర్మం కింద ఏదో పాకుతున్నట్టు. తొట్టి చుట్టూ ఇంకా కొన్ని ఆవులు మూతులు ముంచి తాగుతూనే ఉన్నాయి. మడ్డిమీద నిలిచిన నీళ్ళు తేనెరంగులో తియ్యటి వాసన వేస్తున్నాయి. ఆకలిగొన్న గొడ్లు వాన ఆగగానే అలవాటైన వాసన వెతుక్కుంటూ వచ్చేశాయి. చేదును లెక్కచెయ్యలేదు.

డార్సీ గొంతు చించుకుని అరుస్తూ వాటిమీద పడ్డాడు. చేతులతో కొట్టాడు, తలలు పట్టి తోశాడు. ఒక ఆవు వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది. తొట్టి అంచుకు భుజం ఆనించి ఎత్తబోయాడు. లేవలేదు. గ్లెనిస్ సీసాలు పడేసి తనూ భుజం పెట్టింది. ఇద్దరూ కలిసి ఒక తొట్టిని బోర్లించారు, తర్వాత రెండోదాన్ని. నల్లటి మడ్డి ఎర్రనేల మీద పాకింది. ఒక ఆవు వంగి దాన్నీ నాకబోతే డార్సీ దాని మొహం రెండు చేతులతో పట్టుకుని, "వద్దే తల్లీ, వద్దే, వద్దు" అని ఏడ్చాడు.

వెనిగర్ ఏ ఆవుకు పొయ్యాలో గ్లెనిస్ తేల్చాల్సి వచ్చింది. పడ్డవాటిలో ఒకదాని పక్కన చిన్న దూడ నిలబడి పొదుగు వెతుక్కుంటోంది. దాన్నే ఎంచుకుంది. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, దవడ పక్కనుంచి సీసా దూర్చి పోసింది. సగం బయటికే కారింది. పుల్లటి వాసనకు ఆమె కళ్ళు మండాయి. రెండో సీసా, ఆపైన జాడీలో నీళ్ళు, ఉల్లిపాయలతో సహా. ఆవు ఒక్కసారి గట్టిగా మూలిగి, మెడ వెనక్కి విరిచింది. ఆమె చేతుల్లోనే బరువెక్కింది.

పొదుగు అందుకున్న దూడ ఇంకా తాగుతూనే ఉంది.

అదే సమయంలో పొరుగు స్టేషన్ ఆసామి బార్నీ ఓడ్వయర్ గుర్రంమీద గట్టు దిగుతూ కనిపించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, దూరంనుంచే టోపీ ఊపుతున్నాడు. "అమ్మాయ్! మాకు రెండంగుళాలు పడింది! మీకెంత?" అని కేకేశాడు. జీనుకు కట్టిన సంచిలో బీరు సీసాలు గలగలమంటున్నాయి. ఇంకాస్త దగ్గరికొచ్చాక టోపీ ఊపడం ఆగింది. గుర్రం కూడా ఆగిపోయింది.

అతను దిగి, ఏమీ అడగలేదు. నేలమీది మడ్డిని చూశాడు, బోర్లించిన తొట్లను చూశాడు, చాలు.

"రైఫిల్ ఎక్కడుంది?"

"బండిలో" అన్నాడు డార్సీ. "నేను తెస్తాను."

"నువ్వు కూర్చో అబ్బాయ్."

"నా ఆవులు బార్నీ."

"నీ చేతులు చూసుకో ఒకసారి."

డార్సీ చూసుకున్నాడు. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. బురదలోనే కూలబడ్డాడు. బార్నీ వెళ్ళి రైఫిల్ తెచ్చి, ఇక లేవలేని వాటిని ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ వెళ్ళాడు. ప్రతి చప్పుడుకూ డార్సీ భుజాలు ఎగిరిపడ్డాయి. గ్లెనిస్ దూడను పట్టుకుని, దాని చెవులు మూసి నిలబడింది. ఎందుకు మూసిందో ఆమెకే తెలియదు.

ఎండ ఎక్కేసరికి అంతా అయిపోయింది. మందలో సగానికి పైగా పోయింది. ఐవీ అనే ముసలి కుంటి ఆవు ఒకటి అప్పుడే గట్టు దిగి, ఆయాసపడుతూ, తీరుబడిగా తొట్ల దగ్గరికి వచ్చింది. నడవలేకపోవడం వల్లే అది బతికింది.

కళేబరాలను అలా వదిలెయ్యడానికి లేదు. భాస్వరం చాలని ఆవులు ఎముకలు నములుతాయి. ఆ ఎముకల్లో పుట్టే విషం మిగిలిన వాటినీ పట్టుకుపోతుంది. అందుకని మధ్యాహ్నానికి నేల కాస్త ఆరగానే డార్సీ బుల్డోజర్ తెచ్చి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

ఇంజను మొదలైన కాసేపటికి చెట్ల వెనకనుంచి ఒక ఆవు తల బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. బతికిన ఆవులన్నీ, ఆ చప్పుడు వినగానే, మేత వేస్తున్నాడనుకుని కాళ్ళు తడబడుతూ పరుగున వచ్చేశాయి. వచ్చి గొయ్యి చుట్టూ నిలబడ్డాయి. చచ్చినవాటి మధ్యనుంచే దారి చేసుకుని, బ్లేడు వైపు మూతులు చాచి ఎదురుచూశాయి.

డార్సీ ఇంజను ఆపేశాడు. కాసేపు లివర్ల మీద నుదురు ఆనించుకున్నాడు. తర్వాత మళ్ళీ నడిపి, గొయ్యి వదిలేసి మల్గా చెట్ల వైపు తిప్పాడు. ఒక వరస చెట్లు పడగొట్టాడు. ఆవులు తినడం మొదలుపెట్టాక తిరిగి వచ్చి గొయ్యి తవ్వుకున్నాడు. బార్నీ తల పక్కకు తిప్పుకున్నాడు.

సాయంత్రం వెళ్ళబోతూ బార్నీ రైఫిల్‌ను తన జీనుకే కట్టుకున్నాడు.

"ఇది నా దగ్గరుంచుతాను కొన్నాళ్ళు. బోల్టు పట్టేస్తోంది, సరిచేసి ఇస్తాను."

"నా రైఫిల్ బోల్టు బాగానే ఉంది" అన్నాడు డార్సీ.

"నాకూ తెలుసురా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డార్సీ ముందు చూపు దించుకున్నాడు. "సరే తీసుకెళ్ళు" అన్నాడు. బార్నీ అతని మెడమీద చెయ్యేసి ఒకసారి గట్టిగా నొక్కి, గుర్రమెక్కాడు. ఆ తర్వాత వారంపాటు ఏదో ఒక వంకతో రోజూ వచ్చిపోయాడు. ఒకరోజు ఉప్పు అడగడానికి వచ్చి, జేబులోంచి ఉప్పు పొట్లం జారిపడితే, తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

గొయ్యి పూడ్చిన మర్నాడు, వసారా మెట్లమీద, గ్లెనిస్ తమ్ముడితో చెప్పేసింది.

"ఆ రోజు నాకు గుర్తొచ్చింది డార్సీ. వానలో ఉన్నప్పుడే. చెప్పబోయి ఆగిపోయాను."

"తెలుసు" అన్నాడతను.

"ఎలా తెలుసు?"

"పొద్దున నేను తొట్లనగానే నువ్వు అదిరిపడలేదు. అప్పటికే సీసాలు తీస్తున్నావు."

గ్లెనిస్ అతని వైపు తిరిగింది. "నువ్వు నవ్వుతున్నావురా. ఎన్నాళ్ళకో నవ్వుతున్నావు. అందుకని…"

"నవ్వడమెందుకే నాకు?" డార్సీ లేచి నిలబడ్డాడు. "ఎవడడిగాడు నిన్ను, నా నవ్వు కాపాడమని? పసివాణ్ణా నేను? ఒక్క మాట అంటే లేచి పరుగెత్తేవాణ్ణి కదా. పాక్కుంటూ అయినా వెళ్ళేవాణ్ణి. మూడేళ్ళు వాటిని చేత్తో మేపాను. తిండి పెట్టిన చేత్తోనే విషం పెట్టినట్టయింది."

"నాదే తప్పు."

"నీదే" అన్నాడు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "తొట్టి పెట్టింది నేను. ముందు గుర్తుండాల్సింది నాకు. అయినా నీదే."

ఆ మాటన్నాక లోపలినుంచి దుప్పటి తెచ్చుకుని, కూలీలు వచ్చినప్పుడు పడుకునే పాత పాకలోకి మకాం మార్చేశాడు. భోజనం పళ్ళెం వసారాలో పెడితే తీసుకెళ్ళేవాడు, కడిగి తెచ్చి అక్కడే పెట్టేవాడు. పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చిన ప్రతిసారీ గ్లెనిస్ ఊపిరి తీసుకునేది.

గడ్డి మొలిచింది. ఎర్రనేల మీద పచ్చటి ఆవిరిలా పరుచుకుంది. దూరంనుంచి చూసినవాళ్ళు ఇక కష్టాలు గట్టెక్కాయనే అనుకుంటారు. కాని ఆ లేతగడ్డిలో నీళ్ళే తప్ప సత్తువ ఉండదు. ఆవులు మల్గా ఆకు వదిలేసి, ఆ పచ్చటి పోచల వెంట రోజంతా తిరిగి, పారుకుని, ఉన్న కాస్త కండ కూడా పోగొట్టుకున్నాయి. మరో రెండు పోయాయి. మేత పెట్టడం ఆపడానికి వీల్లేదు. మడ్డి మళ్ళీ కలపాలి, తొట్లు మళ్ళీ నిలబెట్టాలి.

గ్లెనిస్ తల్లుల్లేని దూడల్ని ఇంటి వెనక కట్టేసి, పొద్దునా సాయంత్రం పొడిపాలు కలిపి పట్టేది. బకెట్టులో తాగడం వాటికి చేతకాదు. వేళ్ళు పాలలో ముంచి నోటికిస్తే చీకేవి. నెమ్మదిగా వేళ్ళను పాలలోకి దించితే మూతులూ వెంట వచ్చేవి. కొన్ని నేర్చుకున్నాయి. వెనిగర్ పోసిన ఆవు దూడ మాత్రం మొండికేసింది. బకెట్టును తలతో కుమ్మేది.

ఒక పొద్దున ఆమె ఆ దూడతో పెనుగులాడుతుండగా బండి చప్పుడైంది. డార్సీ పాత గొర్రెల షెడ్డు పడగొట్టి, దాని కప్పు రేకులన్నీ బండిలో వేసుకుని వచ్చాడు. దిగకుండానే, కిటికీలోంచి, వారాల తర్వాత మొదటిసారి ఆమెతో మాట్లాడాడు.

"తొట్లకు కప్పు వేస్తున్నాను. ఒక్కడి వల్ల కాదు."

గ్లెనిస్ చేతులు గౌనుకు తుడుచుకుని బండెక్కింది. దారిలో ఎవరూ మాట్లాడలేదు. గుంజలు పాతారు. రేకు ఎండకు కాలిపోతోంది, అంచు పదునుగా ఉంది. డార్సీ నిచ్చెనెక్కి కిందికి చూశాడు.

"నీమీద కోపం పోలేదు" అన్నాడు. "పోతుందో లేదో కూడా తెలీదు."

"తెలుసురా."

"సరే. ఆ చివర పట్టుకో. గుడ్డ చుట్టుకో ముందు, చెయ్యి తెగుతుంది."

ఆమె తలకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతికి చుట్టుకుని, రేకు చివర పట్టుకుని ఎత్తింది. డార్సీ మొదటి మేకు కొట్టాడు. ఆ చప్పుడుకు బీట్లో ఆవులు తలలెత్తి, కాసేపు ఇటు చూసి, మళ్ళీ నేలకు వంగాయి.